బీడీలు చుట్టిన చేతులకు ఒక గుడ్డ

నా కుట్టుమిషన్ మీద ఒట్టు, నా కత్తెర మీద ఒట్టు, సూదిలో దారం ఎక్కించడం కోసం ఈమధ్యే కొనుక్కున్న కళ్లద్దాల మీద ఒట్టు. ఇక్కడ నేను రాయబోయే ప్రతి మాటా నిజం. ఇంత గట్టిగా ఒట్టు పెట్టుకోవాల్సి రావడానికి కారణం ఉంది. నేను కుట్టిన బొంత మీద కూర్చున్న కోడిపెట్ట వారాల తరబడి లేవలేదని, గుడ్లు పొదుగుతోందని ఇంటివాళ్లు సంబరపడ్డారని, తీరా లేపి చూస్తే కింద గుడ్లే లేవని ఒకసారి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ చెప్పాను. అప్పటినుంచి బాన్సువాడలో నేను టైమెంతో చెప్పినా జనం పక్కవాడి గడియారం చూస్తారు. సరే, కోడి సంగతి వదిలేద్దాం.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. వరి నాట్లు మొదలైన రోజులు. నా దుకాణం బస్టాండు వెనక గల్లీలో ఉంటుంది. బోర్డు మీద టైలర్ అనే ఉంది కానీ, ప్యాంట్లూ చొక్కాలూ కుట్టించుకునేవాళ్లు రెడీమేడ్ బట్టల వైపు ఎప్పుడో మళ్లిపోయారు. నేను బొంతల్లోకి దిగాను, బొంతల్లోంచి గోడకు తగిలించే గుడ్డల్లోకి ఎక్కాను. హైదరాబాదులో చదువుకునే ఒక అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు నా పని చూసి, "అంకుల్, దీన్ని టెక్స్‌టైల్ ఆర్ట్ అంటారు" అంది. ఆ మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు. ఇప్పటికీ మా ఆవిడ, "ఓ ఆర్టు, ఇంట్ల ఉప్పు లేదు, తే పో" అంటుంది.

ఈ పనికి నేను కొత్త గుడ్డ వాడను. దుకాణం గడప పక్కన ఒక గోనెసంచి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో పనికిరాని కుట్టు సామాను ఎవరైనా అందులో వేసి పోవచ్చు. పాత చీరలు, కట్‌పీసులు, చిక్కుపడ్డ ఊలు, జతలేని గుండీలు వస్తాయి. కుట్లూ అల్లికల క్లాసు ఎత్తేసిన ఒక బడివాళ్లు ఒకసారి డబ్బాకు డబ్బా తెచ్చి దింపారు. అందులో హూపులు దొరికాయి. హూపు అంటే కుట్టేటప్పుడు గుడ్డను బిగించి పట్టే గుండ్రటి చట్రం. ఒక హూపులో తల కుట్టకుండా వదిలేసిన చిలుక ఉంది. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు ఆపేశారో తెలియదు. ఇలాంటి సగంలో ఆగిన పనులే నాకు ఎక్కువగా వస్తాయి.

వాటితో నేను చేసేది, చూస్తే మనసు కుదుటపడే గుడ్డ. అడుగున ఒక దళసరి గుడ్డ, దాని మీద బాటింగ్, అంటే మధ్యలో పరిచే మెత్తటి పొర, పైన ప్యాచ్‌లు, అంటే అతుకులు. మా దగ్గర బాటింగ్‌కు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరను మించింది లేదు. అన్నిటినీ కలిపి రన్నింగ్ స్టిచ్, అదే, సూది మునిగి తేలుతూ పోయే మామూలు కుట్టు వేస్తాను. గీతలు అడ్డంగా పోవాలి, కోసుకుపోయే మూలలు ఉండకూడదు. కళ్లున్న బొమ్మ అసలే పెట్టకూడదు. మనం చూడటం మానేసినా అది మనల్ని చూస్తూనే ఉంటుంది. ఆ లెక్కన తల లేని చిలుక నా పనికి సరిగ్గా సరిపోయింది.

ఆ నాట్ల రోజుల్లో ఒక పొద్దున, షట్టరు ఇంకా సగమే లేపి ఉండగా, సునీత వచ్చింది. ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. మా గల్లీ చివరి ఇల్లే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయన్న, మా అమ్మకు ఒక గుడ్డ కావాలె. కప్పుకునేది గాదు, సూసేది."

"సూసి ఏం జెయ్యాలె చెల్లె?"

"చేతులు ఆగాలె."

సునీత తల్లి గంగవ్వ. చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టిన మనిషి. దగ్గు పట్టుకుని వదలకపోతే దవాఖానకు తీసుకుపోయారు. తంబాకు దుమ్ము ఇంకా పీలిస్తే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు. ఒళ్లో పెట్టుకుని చుట్టే బీడీల చాట ఇంట్లోంచి తీసేశారు. ఆకు పోయింది, తంబాకు పోయింది, పని మాత్రం వేళ్లలోంచి పోలేదు.

"రొట్టె పెడితే సుట్టి, దారం ఏదే అని అడుగుతది. నవ్వకు సాయన్న. నేను ఆఫీసుకు పోంగనె పక్కింటి పోసవ్వ దగ్గరికి ఉరుకుతది. ఆడ పది మంది కూసొని సుడుతుంటరు. ఆ దుమ్ముల ఒక్క గంట కూసున్నా ఇంటికొచ్చి తెల్లార్లు దగ్గుతది. తాళమేసి పోదామా అంటే, అమ్మనాయె."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తెరుస్తూ మూస్తూనే ఉంది. చేతులు ఆగకపోవడం ఆ ఇంట్లో ఒక్కరికే అంటుకోలేదని నాకు అర్థమైంది.

కొలతకని ఇంటికి వెళ్లాను. గోడ కొలవడం ఎలాగూ ఉంది, మనిషిని చూడటం అంతకంటే ముఖ్యం. గంగవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏంరా సాయిలు, బొంతలకు గిరాకి లేదా, ఇండ్ల మీద పడ్డవ్?"

"నిన్ను సూద్దామని వచ్చిన అవ్వా."

"సూసినవ్ గద. ఇగ పో."

నేను పోలేదు. టేపు తీయబోయి జేబులోని తాళం చెవులూ బస్సు టికెట్టూ అరుగు మీద పెట్టాను. ఇద్దరం నాట్ల సంగతి మాట్లాడుకుంటున్నాం. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం ఆ టికెట్టును అందుకుంది, వేళ్ల మధ్య దొర్లించింది, కొసను గోటితో లోపలికి మడిచింది, దారం కోసం ఒడిలో వెతికింది. దారం లేదు. అప్పుడు కిందికి చూసుకుని, నిప్పుకణిక ముట్టినట్టు దాన్ని విసిరేసింది.

"నా చేతులు నా మాట ఇంటలేవు బిడ్డా. నేను పండుకుంటె గూడ అవి పనికి పోతయి."

నవ్వించడానికి వెళ్లినవాణ్ని, నవ్వలేక తిరిగి వచ్చాను.

ఆ గుడ్డ మీద నేను పెట్టిన శ్రద్ధ మా పెళ్లి బట్టల మీద కూడా పెట్టలేదు. కంటికి హాయినిచ్చేవి మట్టి రంగులని ఎక్కడో విన్నాను. సంచి మొత్తం బోర్లించి, ఎండుటాకు పచ్చ, వక్కపొడి రంగు, ముదురు గోధుమ రంగు గుడ్డలు ఏరాను. ఒకే వెడల్పు పట్టీలుగా కోసి, వరుసలు వరుసలుగా అడ్డంగా పేర్చాను. కచ్చా కుట్టు వేసి, అంటే అతుకులు జరగకుండా ముందుగా వేసే పొడుగు కుట్టు వేసి, పైన సన్నగా రన్నింగ్ స్టిచ్ నడిపాను. నా బతుకులో ఇంతకంటే నెమ్మదైన గుడ్డ కుట్టలేదని అనుకున్నాను. కుడుతున్నప్పుడు నాకే ఆవులింతలు వచ్చాయి. అది మంచి శకునమని సంతోషించాను కూడా.

ఆదివారం నాడు సునీత ఇంట్లో ఉండగా తీసుకువెళ్లి గోడకు తగిలించాను. గంగవ్వ ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చూసింది. మొహంలో ఏదో వెలుగు కనిపించింది. నేను సునీత వైపు చూసి కళ్లతోనే గొప్పలు పోయాను.

"ఆకు మంచిగ నానింది" అంది గంగవ్వ.

అప్పుడు చూశాను నేను కుట్టినదాన్ని. ఆ ఎండుటాకు పచ్చ నీళ్లు చల్లి మెత్తబెట్టిన తునికాకు. ఆ గోధుమ రంగు తంబాకు. ఒకే కొలతన కోసిన ఆ పట్టీలు చుట్టడానికి కత్తిరించి పేర్చిన ఆకులు. గల్లీ గల్లీకీ బీడీలు చుట్టే ఊళ్లో పుట్టి పెరిగి, బీడీల చాటనే నిలువెత్తున కుట్టి ఆమె ఎదురుగా వేలాడదీశాను. ఇంకే ఊరివాడు చేసినా ఆ రంగులు నిజంగానే హాయిగా ఉండేవేమో.

ఆమె వేళ్లు ఒడిలో గబగబా నడవడం మొదలుపెట్టాయి. లేచి చెప్పులు వేసుకుంది.

"యాడికే?" అంది సునీత.

"గిట్నే" అని వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పనక్కర లేకపోయింది. సునీత వెనకే పరుగెత్తి పోసవ్వ ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వస్తూనే దగ్గు. ఒక చేత్తో తల్లి వీపు రాస్తూ, రెండో చెయ్యి నా మీదికి ఊపుతూ సునీత అంది:

"అన్న, నువ్వు గుడ్డ కుట్టినవా, కార్ఖాన తెరిసినవా?"

గుడ్డను చుట్టి చంకలో పెట్టుకుని బయటపడ్డాను. దారిలో ఎదురైనవాళ్లు ఏంటది అంటే జెండా అని చెప్పాను.

మరునాడు పొద్దున్నే సునీత తల్లిని తెచ్చి నా దుకాణంలో కూర్చోబెట్టింది. "నీ గుడ్డ సూసి లేసింది, నువ్వే కూసుండవెట్టు. సాయంత్రం వచ్చి తోల్కపోత" అని, నేను నోరు తెరిచేలోగా ఆటో ఎక్కేసింది.

గంగవ్వ గోడకు ఆనుకుని కాసేపు వీధిని చూసింది. కోటగిరి వైపు వెళ్లే ఆటోలవాళ్లు సవారీలకోసం అరుస్తున్నారు. ట్రాక్టర్లు పోతున్నాయి. నేను మిషన్ తొక్కుతున్నట్టు నటిస్తూ ఓరగా గమనిస్తున్నాను. ఆమె చెయ్యి మెల్లగా ముక్కల కుప్పలోకి పోయింది. రాణి రంగు చీర ముక్క ఒకటి తీసింది. నా కత్తెర అడగకుండానే అందుకుని ఆ ముక్కను బీడీ ఆకు కొలతకు కత్తిరించింది.

"లోపల ఏం వెట్టాలె?"

బాటింగ్ కోసం పీకి పెట్టిన పాత నూలు ఇచ్చాను. చిటికెడు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి, కొసలు మడిచి, సంచిలో వచ్చిన దారపు ఉండలోంచి పోగు లాగి కట్టింది. రెప్పపాటులో నా ముందు గులాబీ రంగు బీడీ ఒకటి పడింది. తర్వాత చిలకపచ్చ. తర్వాత బడి యూనిఫారం గళ్లు. సాయంత్రానికి నా ప్లాస్టిక్ టబ్బు నిండింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు. వాటిని పాత దుప్పటి మీద వరుసగా కుడితే ఎలా ఉంటుందో అప్పుడే నా కళ్లకు కట్టింది. దుమ్ము లేదు, దగ్గు లేదు, చేతికి దాని పని దొరికింది. నా తెలివికి నేనే మురిసిపోయాను, అందులో నా తెలివి ఏమీ లేకపోయినా.

లేచేముందు ఆమె టబ్బు నా ముందుకు జరిపింది. "సూడు."

"సూపర్ అవ్వా! అన్నీ సూపర్!"

ఆమె మొహం ముడుచుకుంది. మరునాడు సునీత కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ పడుకోలేదట, గోడకు ఒరిగి వేళ్లు కదిలిస్తూనే ఉందట. నేను అనుకున్నాను, పొగడ్త చాలలేదని. ఆ సాయంత్రం ఇంకాస్త పెంచాను. "గిసొంటి చెయ్యి జిల్లాల లేదవ్వా" అన్నాను. ఆ మరుసటి రోజు రాష్ట్రానికి పెంచాను. నేను పెంచుతున్నకొద్దీ ఆమె కుదురు తగ్గింది. కట్టినవి మళ్లీ విప్పేది, మళ్లీ కట్టేది, లేచి గడప దాకా పోయి వచ్చేది. పోసవ్వ ఇంటి వైపు చూసేది. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్లి వచ్చేసరికి ఒకరోజు మనిషి లేదు. పోసవ్వ ఇంటి గుమ్మంలో దొరికింది. నన్ను చూడగానే, "చెప్పు తెగింది, కుట్టిద్దామని వచ్చిన" అంది. చెప్పులు రెండూ బాగానే ఉన్నాయి. అబద్ధం ఆడటంలో మా ఇద్దరికీ పోటీ పెడితే ఆమెది రెండో స్థానమే.

ఆ సాయంత్రం నేను మళ్లీ సూపర్ అనగానే టబ్బును నా కాళ్ల మీద బోర్లించింది.

"ఏంరా, సూడకుండనే సూపర్ అంటవ్? ఒక్కటి గూడ పక్కకు తియ్యవు. సెకర్ గిట్ల జేస్తె కార్ఖాన మూతవడుతది!"

బీడీ పని తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చుట్టిన బీడీలు తీసుకుని ఆడవాళ్లు కార్ఖానాకు వెళతారు. అక్కడ చెకర్ అనేవాడు ఉంటాడు. చెయ్యి ఆడించి చూసి, వదులైనవీ కొస విడినవీ పక్కకు తీస్తాడు. ఆ పక్కకు తీసినవాటి మీద రోజూ పెద్ద లొల్లి. వాడి కళ్లు పోను, వాడి చెయ్యి విరగ అని తిట్టుకుంటూ ఇళ్లకు వస్తారు. కానీ వాడు చూశాడంటే ఆనాటి పని అయినట్టే. అప్పుడు చేతులు కడుక్కుంటారు, తింటారు, పడుకుంటారు. గంగవ్వ తన బతుకంతా రోజును అలా ముగించింది. చాట తీసేసిన రోజునుంచి ఆమెకు ఇవాళ్టికి అయిపోయిందని చెప్పినవాడు లేడు. డాక్టరు మానెయ్యమన్నాడు. కూతురు మానెయ్యమంది. మానెయ్యడం వేరు, అయిపోవడం వేరు.

కళ్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నేలమీద పడ్డవాటిని ఒక్కొక్కటే ఏరుతూ చూశాను. ఎవరినీ నొప్పించకుండా అబద్ధాలతో బతుకు వెళ్లదీసిన నాకు తప్పు పట్టడమంత కష్టమైన పని లేదు. ఒక పసుపుపచ్చది తీసి పక్కన పెట్టాను.

"గదేంది?"

"వదులున్నది."

"ఏడ వదులు? నీ కండ్లే వదులు!"

"వత్తి సూడవ్వా. దారం ఒక్క చుట్టే వచ్చింది."

ఆమె లాక్కుని వత్తి చూసింది. గొణిగింది. పక్కనే పెట్టింది. నేను ఇంకొకటి తీశాను, కొస విడింది. దానికి మా అయ్యను తిట్టింది. మరొకటి తీస్తే, "గది మంచిగున్నది, అద్దాలు తుడుసుకో" అంది. తుడుచుకుని చూస్తే నిజంగానే బాగుంది. తిరిగి టబ్బులో వేశాను. అప్పుడు ఆమె మొదటిసారి నా వైపు మర్యాదగా చూసింది. అన్నీ చూడటం అయ్యాక, "అయిందవ్వా. ఇయ్యాల్టి పని అయింది" అన్నాను.

ఆమె ఒడి దులుపుకుని లేచింది. నల్లా దగ్గర చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. వచ్చి గోడకు ఒరిగింది. మిషన్ మీద గుడ్డ కప్పుతూ చూశాను. ఒడిలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కదలడం లేదు. ఫ్యాను చప్పుడుకు కదులుతాయేమోనని ఫ్యాను ఆపేశాను. సునీత వచ్చి, పిలవబోయి, గడపలోనే ఆగింది. ఆమె చెయ్యి కూడా జిప్పు మీద లేదు.

ఆ వానాకాలమంతా అలాగే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. పగలు చుట్టడం, సాయంత్రం లొల్లి. ఆ గుడ్డ చుట్టలను పాత దుప్పటి మీద వరుసగా పేర్చి కుట్టాను. డోంగ్లి వైపు మరాఠీ ఆడవాళ్లు గోధడి, అంటే వాళ్ల బొంత, కుట్టేటప్పుడు అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు, నేనూ అలాగే వచ్చాను. నా సూత్రాల ప్రకారం అది మనసు కుదుటపరిచే గుడ్డే కాదు. రాణి రంగు, చిలకపచ్చ, ఆవపువ్వు రంగు, అన్నీ అరుస్తాయి. ఇప్పుడు సునీత ఇంటి ముందుగదిలో ఉంది. గంగవ్వ దానికి వీపు ఆనించి కూర్చుంటుంది, చూడదు. ఆ తర్వాత ఆమె తంబాకు చాట మళ్లీ ముట్టలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. అప్పటిదాకా నెమ్మది రంగుల్లో ఉందనీ, కుట్టులో ఉందనీ అనుకునేవాణ్ని. జీవితమంతా పనిచేసిన చేతులకు పొగడ్త పనికిరాదు. వాళ్ల పనిని తప్పుతో సహా నిజంగా చూసి, ఇవాళ్టికి చాలు అని చెప్పే మనిషి కావాలి. ఇప్పుడు నా దుకాణానికి ఎవరు ఏది కుట్టుకొచ్చినా ముందు కళ్లద్దాలు పెట్టుకుంటాను.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. నిన్న సాయంత్రం లొల్లి అయ్యాక, రాసినదంతా గంగవ్వకు చదివి వినిపించాను. నేను తనను వెక్కిరించినచోటా తను నన్ను తిట్టినచోటా నవ్వింది. చాట మళ్లీ ముట్టలేదు అన్నచోట చెయ్యి ఎత్తింది.

"గది పక్కకు తియ్యి."

"ఎందుకవ్వా?"

"ముసురు పట్టినప్పుడు పోత గద పోసవ్వ ఇంటికి. ముసురుల ఆకు మెత్తగుంటది. చెయ్యి ఆగదు. నీకెర్కనే."

నాకు తెలుసు. సునీతకూ తెలుసు. ముసురు వదిలాక దగ్గు కూడా వస్తుంది. మునుపటంత రాదు, కానీ వస్తుంది. కథ బాగుంటుందని ఆ ఒక్క మాట కల్పించాను. కొట్టేస్తానని పెన్ను తీశాను.

"కొట్టెయ్యకు. పక్కకు తీసింది చేసినోనికి కనవడాలె" అంది.

అందుకే దాన్ని అక్కడే ఉంచి, అది నా అబద్ధమని ఇక్కడ చెబుతున్నాను. ఇంకా రెండు మాటలు రాసేవాణ్నే. బయట పొద్దుటినుంచి ముసురు. అవ్వ ఇంకా దుకాణానికి రాలేదు. గొడుగు తీసుకుని పోసవ్వ ఇంటి దిక్కు పోతున్నాను.